మొదటి పిడికెడు ఉప్పు

ఫాల్గుణం, మంగళవారం

గొడుగు ఆఫీసు వాళ్ళు మాట రోజు వచ్చేదాకా జరిగింది జరిగినట్టు రాయమన్నారు. రాస్తున్నాను. పేరు బొమ్మాళి తవిటయ్య. ఊరు కొటారుపాలెం. పని ఉప్పు పండించడం. మా తాత పండించిన మడులు ఇప్పుడు సముద్రం అడుగున ఉన్నాయి. మా నాన్నవి కూడా. మేం వెనక్కి జరిగి, ఒకప్పుడు జీడితోటలున్న చోట కొత్త మడులు తొక్కుకున్నాం. నీళ్ళు ఇంకా ముందుకొస్తే ఇంకా వెనక్కి జరుగుతాం. ఉప్పు పండించడం మాత్రం మానం.

ఆఫీసు వాళ్ళిచ్చిన పెట్టె ముందు కూర్చుని మాట్లాడితే అదే రాసిపెడుతుందన్నారు. ఒకసారి చూశాను. నేను "మీ ఆఫీసుకి బుర్ర లేదు" అంటే, అది "ఆఫీసు వారు దయచేసి మరొకసారి ఆలోచించగలరు" అని రాసింది. అందుకే చేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఉప్పు సంఘం బడిలో పెద్దయ్యాక నేర్చినవి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకోండి. మాటల్లో వేలు పెట్టకండి.

మా ఊరే ఎందుకు రాయాలంటే, ఎండకి అడ్డంగా ఆకాశంలో పట్టే ఒక్క గొడుగు కింద ఏడు ఊళ్ళున్నాయి. ఆరు ఊళ్ళు విప్పమంటున్నాయి. మా ఊరు విప్పొద్దంటోంది. ఏడూ ఒకే మాట అంటేగాని గొడుగు కదలదు. అది ప్రస్తుతం ముడుచుకుని సముద్రం మీద బెలూన్లకు వేలాడుతోంది, మబ్బులో ఆరేసి మరిచిపోయిన బట్టలాగా. కిందటేడు ఒక వారం విప్పి చూపించారు. ఆకాశం అంతా పల్చటి తెర. మిట్టమధ్యాహ్నం కూడా పొద్దుట ఏడింటి ఎండలా ఉంది. ఆరు ఊళ్ళ జనం వీధుల్లోకి వచ్చి తిరిగారట. నా మడుల్లో ఆ వారం ఒక్క ఉప్పు గింజ కట్టలేదు.

మా ఊరి పద్ధతి ఇదీ. ఊరి మాట తేల్చే ఆ మాట రోజున, ఉప్పు నిలవ చేసే కొటారు దిబ్బ మీద రెండు కుండలు పెడతాం. ఒకటి ఎండకి, ఒకటి నీడకి. ఊళ్ళో పెద్దవాళ్ళందరూ వరసగా వచ్చి, పిడికెడు ఉప్పు తమకు కావలసిన కుండలో వేస్తారు. అందరి ఎదుటా వెయ్యాలి. చాటు లేదు. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ కాలం ఉప్పు చేసినవాడు మొదట వెయ్యాలి, వాణ్ణి మొదటి చెయ్యి అంటాం. ఇప్పుడు నేనే. నేను మొదటి చెయ్యి అయినప్పటి నుంచి నీడ కుండలో చిటికెడు కూడా పడలేదు. ఊరంతా ఒక్క తాటి మీద ఉంది. మిగతా ఊళ్ళల్లో సగం సగం, కొట్లాటలు. మా ఊళ్ళో అది లేదు.

ఇక రాయడానికి ఏమీ లేదు.

ఫాల్గుణం, గురువారం

ఆఫీసు నుంచి ఒక అమ్మాయి మొన్న పడవలో వచ్చింది. పేరు శరణ్య. మా బావ దాలయ్య ఇంట్లో దిగింది. దాలయ్య మా చెల్లెలి మొగుడు. నాకన్నా బాగా చిన్నవాణ్ణని చెప్పుకుంటాడు, నమ్మకండి.

ఆ అమ్మాయి రెండు రోజులు ఇంటింటికీ తిరిగి, ఈవేళ మడుల దగ్గరికి వచ్చింది. అప్పటికి మాడు బూర, అంటే ఎండ ముదిరిందని ఊదే బూర, ఊదలేదు. ఆ బూర ఊదాక తడి చొక్కా లేకుండా ఎవరూ బయట ఉండకూడదు. చొక్కా అంటే లోపలంతా సన్నటి గొట్టాలు, వాటిలో చల్లటి నీళ్ళు తిరుగుతుంటాయి. బరువు. నేను తిట్టుకుంటూనే తొడుక్కుంటాను.

"తాతగారూ, ఊళ్ళో అందరూ మీ మాటే చెబుతున్నారండీ," అంది.

"సెప్పరేటి మరి? సరైన మాటే గదా."

"అందరూ ఒకేలా చెబుతున్నారు. 'గొడుగు విప్పితే గింజ కట్టదు, మాకొద్దు.' ఒక్క అక్షరం తేడా లేదు."

"నాను సెప్పిందే అది."

"నేనూ అదే అంటున్నానండీ."

ఆ అమ్మాయి ఏమంటోందో నాకు తెలియలేదు. మాట ఒకటే అయితే మంచిదే కదా. పక్కన ఉప్పు లాగుతున్న మా మంగ మాత్రం కర్ర ఆపి నవ్వింది. మంగ నా తమ్ముడి కూతురు. తమ్ముడు పోయాక నా ఇంట్లోనే పెరిగింది. మొగుడు సముద్రం మధ్య గాలిమరల దగ్గర పనికి పోయి నెలకోసారి వస్తాడు. ఇది నాతో మడుల్లో ఉంటుంది. ఉప్పు లాగడంలో దీని చెయ్యి నా చెయ్యిలాగే ఉంటుంది. నేను నేర్పిందే.

"ఏటే నవ్వుతావు?" అన్నాను.

"ఏట్లేదు పెదనాన. నువ్వు పని సూసుకో."

శరణ్య వెళ్ళేముందు ఒకటడిగింది. "అందరికీ నిజంగా ఎండే కావాలంటారా?"

"సేతిలో ఉప్పు అట్టుకుని అబద్ధం ఆడీవోడు మా ఊళ్ళో లేడమ్మా," అన్నాను. అది నిజం. ఇది రాసుకోండి.

ఫాల్గుణం, అమావాస్య ముందు రోజు

మంగ మడిలో పడిపోయింది.

బూర ఊది చాలాసేపయింది. ఒక్క కుప్ప మిగిలింది. అది ఎత్తేసి పోదామన్నాను. నేను గట్టు అవతల నీళ్ళు వదులుతున్నాను. కర్ర చప్పుడు ఆగింది. సరే, ఊపిరి తీసుకుంటోందనుకున్నాను. తిరిగి చూస్తే బోర్లా ఉంది. మొహం మడి నీళ్ళలో. చర్మం పొడిగా ఉంది, పెనంలా కాలిపోతోంది. భుజాన వేసుకుని కొటారు చల్లగదికి ఎలా తెచ్చానో నాకు తెలియదు. నా నడుము ఇంకా పలకడం లేదు. అది వేరే సంగతి.

ఆరోగ్యం చూసే ఆవిడ వచ్చి మంచులో పెట్టింది, సూది గుచ్చింది. సాయంత్రానికి కళ్ళు తెరిచింది. చూస్తే దాని చొక్కాలో నీళ్ళు తిరగడం ఎప్పుడో ఆగిపోయింది. మోటారు చచ్చింది.

"సొక్కా ఆగిపోయిందని సెప్పలేదేటే?" అన్నాను.

"ఆ కుప్ప అయిపోవాలన్నావు గదా."

"నానంటే? నీకు నోరు లేదేటి?"

గోడవైపు తిరిగి పడుకుంది.

ఆవిడ నన్ను బయటికి తీసుకెళ్ళి చెప్పింది. ఇది రెండోసారట. కిందటి వైశాఖంలో ఒకసారి పడిందట, నాకు చెప్పొద్దందట. ఈ ఎండాకాలంలో మూడోసారి పడితే ప్రాణానికి హామీ ఇవ్వలేనంది. "పొద్దు ఎక్కాక మడిలోకి దింపకండి. లేదా గొడుగు విప్పించుకోండి. మూడో దారి నా దగ్గర లేదు," అంది.

దింపకూడదంటే ఎలా? పొద్దు ఎక్కాకే కదా ఉప్పు లాగేది. అది లేకుండా నేనొక్కణ్ణీ సగం మడులు కూడా చేయలేను. ఇది రాయడం నాకిష్టం లేదు. జరిగింది జరిగినట్టు రాయమన్నారు కాబట్టి రాశాను.

ఉగాది మర్నాడు

మంగ లేచి తిరుగుతోంది. పొద్దున్నే మడికి వస్తానని తడి చొక్కా తొడుక్కుంది. లాక్కుని పారేశాను.

"మరేటి సెయ్యమంతావు? ఇంట్లో కూకోనా?"

"కూకో."

"నువ్వొక్కడివీ ఏటి లాగుతావు? గట్టు ఎక్కీసరికి దమ్ము వొస్తాది నీకు."

"నా దమ్ము సంగతి నీకేల? సరే, ఒకటడుగుతాను. గొడుగు ఇప్పాలని ఉందా నీకు?"

నేను పారేసిన చొక్కా తీసి మడత పెట్టింది. మళ్ళీ విప్పి మళ్ళీ మడత పెట్టింది.

"నీ మాటే నా మాట పెదనాన."

"నా మాట నాకు తెలుసు. నీ మాట అడిగినాను."

"అదే సెప్పినాను గదా."

చిన్నప్పటి నుంచీ ఎదురుగా నిలబడి నాతో ఎన్నిటికి పోట్లాడలేదు ఇది. పెళ్ళి విషయంలో నేను చూపించిన వాణ్ణి కాదని తనకు నచ్చినవాణ్ణి చేసుకుంది. కూరలో కారం ఎక్కువైందంటే గిన్నె నా ముందు నుంచి లాగేస్తుంది. అలాంటిది ఈ ఒక్క విషయంలో ఇంత మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. రోజంతా అదే ఆలోచించాను. నీళ్ళు వదిలిన తూము మూయడం మరిచిపోయాను. రెండు మడుల ఉప్పు కరిగిపోయింది.

చైత్రం, బుధవారం

ఈవేళ ఊరు తిరిగాను. మడికి పోలేదు.

మొదట సన్యాసి ఇంటికి వెళ్ళాను. వలలు బాగుచేసుకుంటున్నాడు. ఈసారి కూడా ఎండకే వేద్దామనుకుంటున్నానని అన్నాను. "అంతే మావా, ఎండే," అన్నాడు, తల కూడా ఎత్తలేదు. బాగానే ఉంది అనుకుని నాలుగడుగులు వేశాక ఏదో పురుగు తొలిచింది. వెనక్కి తిరిగి వెళ్ళి, "కాదురా, ఆలోసించినాను. ఈపాలి నీడకి ఏద్దామనుకుంతన్నాను," అన్నాను. "అంతే మావా, నీడే మంచిది," అన్నాడు. వల మీద నుంచి చెయ్యి కూడా తియ్యలేదు!

ఆ వల తీసి వాడి నెత్తిన వేద్దామనిపించింది.

పక్కింట్లో ఎండ అన్నాను. ఎండే అన్నారు. ఆ పక్కింట్లో నీడ అన్నాను. నీడే అన్నారు. కూర్చోబెట్టి మజ్జిగ కూడా ఇచ్చారు. నేను రేపు ఊరంతా తల కిందా కాళ్ళు పైనా నడవాలంటే, అలాగే మావా అని చేతులు నేలకి ఆనించేలా ఉన్నారు. ఇన్నేళ్ళూ నేను గెలుస్తున్నాననుకున్నాను. ఆటలో రెండోవాడే లేడు.

చివర చిన్నమ్మడు ఇంటికి వెళ్ళాను. మేకలు పెంచుకుంటుంది. నీడకి వేద్దామనుకుంటున్నానని చెప్పాను. ఇది కూడా అంతే మావా అంటుందనుకుని లేవబోయాను. అది అనలేదు. చేతిలో తవుడు బుట్ట కింద పెట్టేసింది.

"నిజంగానా మావా? ఒట్టు?"

"ఏటే అలా అడుగుతావు?"

"కిందటేడు ఎండలకి నా మేకపిల్లలు అన్నీ పోనాయి. ఒక్కటీ నిలబడలేదు. గొడుగు ఇప్పిన ఆ వారం నా మేకలు మధ్యాన్నం పూట గట్టు మీద మేసినాయి మావా. అవి మధ్యాన్నం మెయ్యడం నాను ఎప్పుడూ సూడలేదు. కానీ ఊరంతా ఎండంటాంటే నానొక్కదాన్నే ఏటి సెప్పను? నాకే బుర్ర తిరిగిందనుకున్నాను. మా ఆయన్తో కూడా అన్లేదు."

అప్పుడే వాళ్ళాయన లోపలి నుంచి వచ్చాడు. "నీక్కూడా అలగే ఉందేటే? మరి నాతో సెప్పలేదేటి?" అన్నాడు.

"నువ్వు నాతో సెప్పినావేటి?"

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఒకే పొయ్యి మీద వండుకు తినే ఇద్దరు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. నీడకి వేస్తానన్నది అబద్ధమని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

చైత్రం, గురువారం

శరణ్యని అడిగాను, మిగతా ఊళ్ళల్లో కూడా ఇలాగే ఉంటుందా అని. కాస్త ఆలోచించి చెప్పింది. గొడుగు పని మీద ఏ ఊరికి వెళ్ళినా మొదట్లో ఇదేనట. ఎవర్నడిగినా "నాకు కావాలి గానీ, ఊరికి అక్కర్లేదండీ" అనేవారట. ఇంటింటికీ అదే మాట.

"మరి ఊరంటే ఎవరమ్మా?" అన్నాను.

"నేనూ అదే వెతుకుతున్నానండీ," అంది. ఈ పిల్ల బాగానే మాట్లాడుతుంది. మొదటి రోజు ఊరికే విసుక్కున్నాను.

మూసిన పెట్టె ఒకటి తెచ్చానని, దానిలో ఎవరికి వాళ్ళు చాటుగా చెప్పుకోవచ్చని అంది. వద్దన్నాను. చాటుగా చెబితే రేపు మళ్ళీ బయట అంతే మావా, అంతే మావా అని తిరుగుతారు. ఉప్పు అందరి ఎదుటే పడాలి. మార్చాల్సింది ఒక్కటే. మొదటి చెయ్యి నాది కాకూడదు. నేను ఆఖరున వేస్తాను.

సాయంత్రం దిబ్బ మీద ఈ మాట అనేసరికి దాలయ్య లేచాడు.

"కుదరదు బావా. మొదటి సెయ్యి నీది. నువ్వు ఎయ్యకుండా ఎవుడేస్తాడు?"

"ఎవులైనా ఎయ్యండి. సేతులున్నాయి గదా."

"పెద్దోడు ఉండగా చిన్నోడు ముందు ఎయ్యడమేటి? ఇంటా వంటా లేదు."

"అయితే నువ్వెయ్యి. నీకేటి కావాల? ఎండా, నీడా?"

"నువ్వేటేస్తే..."

"సీ! నోరు ముయ్యి!" అన్నాను. మా చెల్లెలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. దాలయ్యకి కోపం వచ్చింది.

"ఏటి సీ అంతావు? ఎండ కాదని నానంటే ఊరుకుంతావేటి నువ్వు? నోరు ముయ్యమని ఊరంతా ఇనీలాగ అరవ్వా? ఆ ఏడు సన్యాసి అయ్య ఏదో అనబోతే మూడు నెల్లు ఆడి మొకం సూడలేదు నువ్వు!"

నేనేం తగ్గలేదు. "నాను అరుస్తాను. నా గొంతే అంత. మీరూ అరవండి. అరవొద్దని ఎవుడన్నాడు?" అన్నాను. ఎవరూ అరవలేదు.

మొదట వేసేది మంగ అని చెప్పేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక అది ఊరుకుంటుందా?

"నానెయ్యను."

"నువ్వు ఎయ్యకపోతే నాను మడిలోకి దిగను."

"బెదిరిస్తన్నావేటి?"

"అవును."

"దిగకు. ఉప్పు కరిగిపోనీ. ఎవులికి నష్టం?"

"మంగా, ఇను. నాకు ఎండే కావాల. నాను అందులోనే ఏస్తాను. అది మారదు. కానీ నా ఎనకాల నడిసొచ్చిన ఉప్పు నాకొద్దు. నా కోసం నువ్వు మడిలో పడిపోయి, నాకు సెప్పకుండా లేసి, మళ్ళీ కర్ర అట్టుకుంటే అది నాకు గౌరవమేటి?"

అది ఏడవలేదు. ఏడ్చే మనిషి కాదు. "రేపు నా మొకం సూడకు అయితే," అంది. "నువ్వు సూస్తంటే నా సెయ్యి నీ కుండలోకే ఎల్లిపోద్ది."

చైత్ర పున్నమి, మాట రోజు

బూర ఊదకముందే అందరూ దిబ్బ మీద చేరారు. నేను సముద్రం వైపు తిరిగి, కుండలకి వీపు పెట్టి కూర్చున్నాను. దాలయ్య కూడా నన్ను ముందుకు రమ్మనలేదు. అలిగాడు.

ఎండ కుండ పాతది. ఏళ్ళ తరబడి ఉప్పు పేరుకుని లోపల మందంగా గడ్డ కట్టింది. దానిలో ఉప్పు పడితే మొద్దు చప్పుడు. నీడ కుండ కొన్న నాటి నుంచీ ఖాళీ. కాబట్టి చూడక్కర్లేదు, వింటే చాలు.

మంగ నడిచొచ్చింది. దాని నడక నాకు తెలుసు. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఎవరో దగ్గారు. ఒక పిల్ల ఏడిస్తే వాళ్ళమ్మ ఊరుకోబెట్టింది. నాకు తిరిగి చూడాలనిపించింది. చేత్తో గట్టు రాయి పట్టుకున్నాను.

గలగలమంది.

కొత్త కుండ అడుగున ఉప్పు పడితే ఇలా ఉంటుందని నాకు తెలియదు. ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నాను. మేకపిల్ల మెడలో గంటలా ఉంది. నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఎందుకో తెలియదు, మంగ పుట్టినప్పుడు మా తమ్ముడు బయటికొచ్చి, ఆడపిల్ల అన్నయ్యా, గొంతు మాత్రం నీదే అన్నాడు, అది గుర్తొచ్చింది.

ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. నిజం చెప్పాలంటే భయమేసింది. మంగ ఒక్కత్తీ అలా నిలబడిపోతుందేమోనని. అందరూ నా వీపుకేసి చూస్తున్నారని తెలుస్తోంది. అప్పుడు దాలయ్య గట్టిగా, "నా మోకాళ్ళు ఈ ఎండకి సచ్చిపోనాయి, నా కుండ ఇదే," అని నీడ కుండలో వేశాడు. వెనకాలే చిన్నమ్మడు. వాళ్ళాయన. ఆ తర్వాత కాళ్ళ చప్పుళ్ళు కలిసిపోయాయి. మధ్యమధ్య మొద్దు చప్పుడు కూడా వినబడింది. సన్యాసిది అదేనట, ఎండ. వల ఆరాలంటాడు. నేను ఇటు వేస్తానో అటు వేస్తానో తెలియకుండా వాడు వేసిన మొదటి ఉప్పు.

ఆఖరున లేచాను. నడుము పట్టేసింది, మంగ చెయ్యిచ్చింది. నీడ కుండ మెడ దాకా వచ్చింది. ఎండ కుండలో అడుగు కప్పి ఇంకాస్త ఉంది. నా పిడికెడు ఎండ కుండలో వేశాను. అందరూ చూసేలాగే వేశాను.

"ఇంకా మారవా బావా?" అన్నాడు దాలయ్య.

"నాకు ఎండ కావాల. మీకు నీడ కావాల. ఇన్నాళ్ళకి తేలింది," అన్నాను.

అప్పుడు శరణ్య చెప్పింది, మాకు ఎన్నడూ అవసరం పడని ఒక నియమం ఉందని. ఊరి మాట ఉప్పు ఎక్కువ పడ్డ కుండది. కానీ రెండో కుండలో కాస్తయినా ఉప్పు ఉంటే, ఆ కుండ వాళ్ళు ఒక షరతు అడగొచ్చు. మా ఊళ్ళో రెండో కుండ ఎప్పుడూ ఖాళీయే కాబట్టి ఆ నియమం ఎవరూ వినలేదు.

బూర మోగింది. అందరం కొటారు లోపలికి వెళ్ళి తలుపులేసుకుని కూర్చున్నాం. పొద్దు వాలేదాకా వాదించుకున్నాం. ఎండ కావలసిన వాళ్ళం ఓ పక్క, నీడ కావలసిన వాళ్ళు ఓ పక్క. నా గొంతు పెద్దదని అన్నాను కదా. ఈవేళ నా గొంతు వినబడలేదు. అందరూ ఒక్కసారే మాట్లాడారు. చిన్నమ్మడు నన్ను ఊరుకో మావా అంది, రెండుసార్లు. సన్యాసి ఏదో తెలివైన మాట అన్నాడు. వాడికి తెలివుందని నాకు తెలియదు. ఎప్పుడూ వాడి నోట నా మాటే విన్నాను కదా.

తేలిందేమిటంటే, పొద్దు పొడిచినప్పటి నుంచి బూర ఊదే వరకూ గొడుగు ముడిచే ఉండాలి. ఆ ఎండ ఉప్పుది. బూర వేళ నుంచి పొద్దు వాలేదాకా విప్పాలి. ఆ నీడ మనుషులది, మేకలది. ఈ మాట మిగతా ఆరు ఊళ్ళకీ పంపాం. రోజంతా విప్పి ఉండాలన్న వాళ్ళు వాళ్ళల్లోనూ ఉన్నారట. ఒప్పుకుంటారో లేదో చూడాలి.

వైశాఖం, శనివారం

ఒప్పుకున్నారు. నాలుగు ఊళ్ళు వెంటనే, రెండు ఊళ్ళు బాగా సణిగాక. సణగనివ్వండి. మేం వాళ్ళని ఎంతకాలం సతాయించాం.

నిన్న బూర వేళకి గొడుగు విప్పారు. మొదట సముద్రం మీద రంగు మారింది. తర్వాత గట్లు, తర్వాత మా కాళ్ళు. బూర మోగింది గానీ ఎవరూ లోపలికి పోలేదు. ఆ బూరకి ఇక ఏం పనుందో ఆఫీసు వాళ్ళే చెప్పాలి.

ఉప్పు సంగతి రాస్తాను. పండుతోంది. పూర్వం అంత తొందరగా కాదు. ఒక్క పొద్దులో కట్టేది రెండు మూడు పొద్దులు పడుతోంది. గింజ సన్నంగా ఉంది. నాకు నచ్చలేదు. లావు గింజే ఉప్పు. ఇది పంచదారలా ఉంది.

మంగ తడి చొక్కా లేకుండా మధ్యాహ్నం మడిలో దిగింది. ఆరోగ్యం ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, దిగొచ్చు అంది. అది లాగుతూ ఉంటే గట్టు మీద నిలబడి చూశాను. మిట్టమధ్యాహ్నం, ఆరుబయట, నెత్తిన ఏమీ లేకుండా. నా చిన్నప్పుడు మా అమ్మ అలా లాగేది.

"గింజ సన్నం అయిపోనాది," అన్నాను.

"సన్నమే మంచిది. తొందరగా కరుగుద్ది కూరలో."

"నీకేటి తెలుసు? ఉప్పంటే సేతికి గుచ్చుకోవాల."

"గుచ్చుకుని ఏటి సెయ్యాల? నువ్వు తూము తప్పు ఏళకి తీస్తన్నావు పెదనాన. పొద్దున్న లోతు తక్కువుంచు, గింజ అదే లావవుద్ది. నాను ఎప్పట్నుంచో అనుకుంతన్నాను."

"ఎప్పట్నుంచో అనుకుంటే మరి సెప్పలేదేటి?"

"ఇప్పుడు సెప్పీసాను గదా! నువ్వు సేస్తన్నది తప్పు."

తప్పట! నేను నేర్పిన చెయ్యి నాకు చెబుతోంది. గట్టు దిగి వెళ్ళి చెప్పాను, లోతు తగ్గిస్తే అడుగు బురద పైకొస్తుందని. రాదంది. వస్తుందన్నాను. దాలయ్య ఇంట్లోంచి స్టూలు తెచ్చుకుని గట్టు మీద వేసుక్కూర్చున్నాడు. ఎవరు గెలుస్తారో చూస్తానంటాడు. చిన్నమ్మడు మేకలు మా చుట్టూ మేస్తున్నాయి.

ఆఫీసు వారికి రాయాల్సింది ఇంకా ఉంది. కానీ మంగ మడిలోంచి ఇంకేదో అరుస్తోంది. దానికి జవాబు చెప్పాలి. ఉంటాను.